శిబ్పూరు తోటలో తెలుగు పేర్లు

విజయదశమినాటి సాయంకాలమున తెలుగుపల్లెలలో జనులు ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు కడకు పోవుదురు. చెట్టునకు ప్రదక్షిణము చేసి, ఆకు కోసి, పెద్దల చేతులలో నుంచి నమస్కరింతురు. ఆ పోవు దారిలో పాలపిట్ట కనబడినచో ఏడాదియంతయు మేలు కలుగునని విశ్వాసము. ఈ యాచారము వెనుక నున్న పురాణకథ యెట్టిదైనను, అది చేయించు పని మాత్రము గమనింపదగినది. సంవత్సరమున కొక్కమారైనను పిన్నలు పెద్దలు ఇల్లు విడిచి, ఒక చెట్టును పేరుతో గుర్తించి, ఒక పిట్టకొరకు మోడులను, తంతితీగెలను, ఆకాశమును వెదకుదురు. సెలవుదినమున చెట్టును, పిట్టను చూడబోవుట పాశ్చాత్యుల వేడుక యని తలచువారు ఈ దసరాప్రయాణమును మరచినవారే.

వంగదేశీయులకును ఈ పిట్టయే విజయదశమి పిట్ట. వారు దీనిని నీలకంఠపక్షి యందురు. దుర్గామాత పుట్టింటినుండి కైలాసమునకు మరలుచున్నదను వార్తను ఇది ముందుగా శివునకు చేర్చునని వారి నమ్మిక. అందుచే కలకత్తా నగరపు పాత జమీందారీ గృహములలో నిమజ్జనమునాడు నీలకంఠమును పంజరమునుండి విడుచు నాచారము చిరకాలము సాగినది. మనవైపునను పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరమున బెట్టి, దర్శనమునకు రొక్కము పుచ్చుకొనువారు ఉండిరి. నేటికిని అక్కడక్కడ ఉన్నారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఇట్లు పట్టుట నేరమైనది. శుభముకొరకు వెదకవలసిన పిట్టను ముందే పట్టి తెచ్చి చూపినచో, వెదకుట యను పుణ్యము పోయి, పిట్ట ప్రాణమును పోవును. పాలపిట్టను రాష్ట్రపక్షిగను, జమ్మిని రాష్ట్రవృక్షముగను 2014లో స్వీకరించిన తెలంగాణమున ఈ మాట మరింత బాధ్యతతో తలచుకొనదగినది.

పంజరము లేకయే పిట్టను, పేరుతోకూడ చెట్టును చూడగోరువారికి వృక్షవాటికలకు మించిన చోటులు తక్కువ. వానిలో తెలుగువారు ప్రత్యేకముగా చూడదగినది హౌరా చెంతనున్న శిబ్పూరు తోట. దక్షిణమునుండి పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్ నేడు ఆగు షాలిమార్ స్టేషను ఈ తోటకు సమీపముననే యున్నది. ఆ రైలుబండి పేరునకును, ఈ తోట చరిత్రకును గల సంబంధము తెలిసిన ప్రయాణికులు కొందరే యుందురు.

హుగ్లీనది పడమటిగట్టున 273 యెకరముల మేర పరచుకొనియున్న ఈ తోటను 1787లో ఈస్టిండియా కంపెనీవారి సైనికోద్యోగి కర్నల్ రాబర్ట్ కిడ్ నెలకొల్పెను. ఓడలకు కావలసిన టేకును, వర్తకమునకు కావలసిన సుగంధద్రవ్యములను పెంచి లాభము గడించుటయే కంపెనీవారి తలంపు. బెంగాలు శీతోష్ణస్థితికి సుగంధద్రవ్యములు నిలువలేదు. టేకు కూడ తలచినంతగా ఫలింపలేదు. అయినను తోట నిలిచినది. ‘కంపెనీ బాగాన్’ అని జనులు పిలిచిన ఆ స్థలమునకు పలు పేర్లు మారి, 2009లో ఆచార్య జగదీశచంద్ర బోస్ పేరు పెట్టబడినది. మొక్కకు స్పర్శయు, స్పందనయు గలవని యంత్రములతో నిరూపింప బూనిన శాస్త్రజ్ఞుని పేరు ఒక తోటకు పెట్టుట తగియున్నది.

కిడ్ అనంతరము 1793లో తోట పాలనకు వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని ఆయనను కొనియాడుదురు. ఆయన వృక్షవిద్య నేర్చిన పాఠశాల కలకత్తా కాదు, గోదావరీమండలము. స్కాట్లండునుండి వైద్యుడుగా 1776లో చెన్నపట్టణము చేరిన రాక్స్‌బర్గ్, 1781నుండి సామర్లకోటలో నివసించెను. అచట మిరియము, కాఫీ, దాల్చిన, నీలి మొదలగు మొక్కలను పెంచి పరీక్షించెను. పట్టుపురుగులను పెంచజూచెను. ప్రతిదినము వర్షపాతమును, గాలిని, ఉష్ణమును వ్రాసియుంచెను. 1789 మొదలు వరుసగా వానలు తప్పి, తీరమున ఘోరక్షామము వాటిల్లిన నాటి స్థితిని నేటి వాతావరణ పరిశోధకులు తెలిసికొనుటకు ఆ లెక్కలు ఉపకరించినవి.

ఆయన శ్రమయంతయు సుఖముగ సాగలేదు. 1787 మే మాసమున కోరంగి తీరమును ముంచివేసిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఏండ్ల తరబడి సేకరించిన ఎండుమొక్కలు, గ్రంథములు, వ్రాతప్రతులు రాక్స్‌బర్గునకు దక్కకపోయెను. శిబ్పూరున తోట నాటబడిన సంవత్సరమే కోరంగితీరమున ఒకని వృక్షసంపద నీటిపాలయ్యెను. ఆయన మరల మొదటినుండి సేకరణ ప్రారంభించెను. ఆ రెండవ ప్రయత్నమునుండి పుట్టినదే ‘కోరమండల తీరపు మొక్కలు’ అను మహాగ్రంథము. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనున వెలువడిన ఆ గ్రంథమున 300 వర్ణచిత్రములు కలవు. వానిని చిత్రించినవారు ఈ దేశపు చిత్రకారులు. పువ్వును కోసి, కేసరములను విడదీసి, ఆకు ఈనెలతో సహా వారు గీసిన చిత్రములు నేటికిని నిపుణులకు ప్రమాణములు. వారి పేర్లు మాత్రము పుస్తకమున కెక్కలేదు.

చిత్రకారుల పేర్లు నశించినను మొక్కల పేర్లు నిలిచినవి. రాక్స్‌బర్గ్ లాటినుపేరు పెట్టి ఊరకుండలేదు. ‘తెలింగులు’ ఈ మొక్కను ఏమందురో, దేనికి వాడుదురో కూడ వ్రాసెను. జ్వరమునకు కషాయము కాచు సోమిద చెక్కను ఆయన వర్ణించెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ వృక్షపు ప్రజాతికి ‘సోయ్మిడా’ అను పేరునే నిలిపిరి. లోకమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ చెట్టును పేర్కొనునపుడు తెలియకయే ఒక తెలుగుమాట పలుకుచున్నాడు.

ఏ వృక్షవాటికలోనైనను చెట్టు మొదట నుండు రేకుపలకను చదువు విద్యార్థి ఒక సంగతి గమనింపవలెను. లాటినుపేరు చివర ‘రాక్స్‌బ్’ అను పొట్టిమాట తరచుగా కనబడును. ఆ పేరు పెట్టినవాడు రాక్స్‌బర్గని దాని యర్థము. డయోస్పైరస్ మెలనోజైలాన్ అనునది మన తుమికి. దాని యాకుతోనే బీడీలు చుట్టుదురు. డాల్బర్జియా లాటిఫోలియా అనునది జిట్టేగి. టెరోకార్పస్ మార్సుపియం అనునది వేగిస. హార్డ్విక్కియా బినాటా అనునది నారేపి. వీనియన్నిటి తుదిని ఆ పొట్టిమాటయే యుండును. పలకమీది లాటినుమాట చూచి బెదరు బాలునకు, ‘ఇది మీ యూరి కొండమీది చెట్టే’ యని ఉపాధ్యాయుడు చెప్పగలిగినచో, ఆ పలక పరదేశపు శాసనమువలె కాక ఇంటివారి ఉత్తరమువలె తోచును.

రాక్స్‌బర్గ్ వచ్చునాటికి సుమారు 300 జాతులున్న శిబ్పూరు తోట, ఆయన 1813లో విడిచిపోవునాటికి 3,500 జాతులతో నిండినది. నదిగట్టున ఆయన నివసించిన భవనము ఇప్పటికిని నిలిచియున్నది. ఆయన గీయించిన చిత్రములు 2,500కు పైబడి తోటలోని గ్రంథసంచయమున భద్రపరుపబడినవి. అక్కడనే గల కేంద్ర జాతీయ హెర్బేరియమున ఎండుమొక్కల నమూనాలు 20 లక్షల మేర కలవు.

చూపరులు మొదట పరుగెత్తునది మహావటవృక్షము కడకు. దూరమునుండి చూచినవానికి అది చెట్టుగా తోచదు. ఒక చిట్టడవిగా తోచును. 3,000కు మించిన ఊడలు నేలకు దిగి స్తంభములై, నాలుగున్నర యెకరములకు పైబడిన నీడను మోయుచున్నవి. వయస్సు 250 సంవత్సరములకు మించినదని అంచనా. తోటకంటె చెట్టే పెద్దది. 1864లోను, 1867లోను వచ్చిన తుఫానులకు దాని పెద్దకొమ్మలు విరిగినవి. విరిగినచోట బూజుతెగులు ప్రవేశించి మూలకాండమును తినివేయగా, 1925లో దానిని కోసి తీసివేసిరి. సుమారు పదునారు మీటర్ల చుట్టుకొలత గల మాను పోయినను చెట్టు పోలేదు. మాను నిలిచిన చోట నేడు ఖాళీస్థలము కలదు. చుట్టును ఊడలు మాత్రము వెలుపలికి, సూర్యుడున్న దిక్కునకు, నడచుచునే యున్నవి. చుట్టును వేసిన 330 మీటర్ల బాటను సైతము అవి దాటిపోయినవి. 2020 మే నెలలో వచ్చిన ఆంఫాన్ తుఫానునకు కొన్ని ఊడలు కూలినను, మిగిలినవి నిలిచినవి.

ఇంత చెట్టు మొలచినది ఒక ఈతచెట్టు తలమీద నని చెప్పుదురు. మర్రికి ఇది సహజమే. ఏదో పిట్ట మర్రిపండు తిని, ఈతమట్టల సందున రెట్టవేసి యుండును. ఆ రెట్టలోని ఆవగింజంత విత్తు మొలకెత్తి, వేరును నేలకు దింపి, ఆశ్రయమిచ్చిన చెట్టును క్రమముగ కప్పివేసి యుండును. కర్నల్ కిడ్ తోట నాటించుటకు పూర్వమే ఒక పిట్ట ఆ చోట మర్రిని నాటిపోయినదన్నమాట. మర్రిపండ్ల కాలమున పిట్టలు నేటికిని ఆ బాకీ వసూలు చేసికొనుచునే యున్నవి. కంసాలిపిట్ట రాగిరేకుమీద సుత్తిదెబ్బవలె ‘టుక్ టుక్ టుక్’ మని ఆకులనడుమ కూర్చుండి గంటలకొలది కొట్టును. పిచ్చుకంత పిట్ట, ఆకుపచ్చని యొడలు, పసుపు గొంతు, నుదుట ఎర్రని బొట్టు. దాని కంఠము వినుట సులభము. దానిని చూచుట కష్టము. తరగతిలో ఒక్క నిమిషమైనను నిలువలేని బాలుడు ఆ సుత్తిదెబ్బ ఎచటనుండి వచ్చుచున్నదో పట్టుకొనుటకు కదలక మెదలక పావుగంట నిలుచుండును.

పిట్టలను చూచుటకు వెల హెచ్చు పరికరము లక్కరలేదు. తెల్లవారిన తరువాతి రెండుగంటలు మేలైన వేళ. పదిమంది కలిసి అరచుచు పోయినచో కాకులు తప్ప మరేవియు మిగులవు. నలుగురైదుగురు విడివడి, ముదురురంగు దుస్తులతో, చప్పుడుచేయని అడుగులతో నడువవలెను. కనబడిన పిట్టను పిచ్చుకతో, గోరువంకతో, కాకితో పోల్చి పరిమాణమును మొదట వ్రాసికొనవలెను. ముక్కు పొడుగా పొట్టియా, సూటియా వంకరయా, తోక చీలియున్నదా, నేలపై నడచుచున్నదా గెంతుచున్నదా, కూత యెట్టిది, ఇవి వరుసగా చూడవలెను. రంగు చివరిమాట. వెలుతురును బట్టి రంగు మోసగించును.

పాలపిట్టయే ఇందుకు మంచి దృష్టాంతము. తీగెమీద కూర్చున్నపుడు అది మట్టిరంగు రొమ్ముతో, పెద్ద తలతో మందబుద్ధివలె నుండును. కొత్తవాడు దానిని గుర్తింపక సాగిపోవును. నేలమీది మిడుతకై అది రెక్క విప్పి దూకినపుడు లేతనీలము, ముదురునీలము పట్టెలు పట్టెలుగా మెరసి, ఇంతవరకు చూచినది ఈ పిట్టనేనా యని విస్మయము కలిగించును. చెరువుగట్టున నుండు లకుముకిపిట్టను చూచి పాలపిట్ట యని భ్రమించువారు కలరు. నీలపువీపు రెంటికిని కలదు. అయితే లకుముకికి పెద్ద యెర్రని ముక్కును, తెల్లని రొమ్మును ఉండును. పాలపిట్ట ముక్కు నల్లనిది. ఒకసారి ఈ భేదము తానై కనిపెట్టిన విద్యార్థి దానిని జన్మలో మరువడు.

శిబ్పూరు తోటలో 24 సరస్సులు కలవు. వానికి హుగ్లీనదితో సంబంధముండుటచే నీటికి కొదువ లేదు. నీటిమీది పెద్దపెద్ద ఆకులపై పొడుగువ్రేళ్ల జకానాపక్షి తేలికగా నడచిపోవును. గుడ్డికొంగ ఒడ్డున బురదరంగులో కలిసిపోయి, ఎగిరినపుడు తెల్లని రెక్కలతో బయటపడును. పచ్చికమీద కూకుడుగువ్వ కిరీటము విప్పుచు, ముడుచుచు పురుగులను త్రవ్వితీయును. మేయు పశువు వీపునెక్కి స్వారిచేయు నల్లని పసులపోలిగాడు తనకంటె పెద్దదైన కాకిని తరుముచుండును. పసుపుపచ్చని వంగపండుపిట్ట కొమ్మలమధ్య మెరుపువలె తోచి మాయమగును. పండిన వంకాయ పచ్చబారునని యెరిగినవారు పెట్టిన పేరది. పశువులకాపరి పెట్టిన పేరొకటి, తోటకాపు పెట్టిన పేరొకటి. ప్రతి పేరు ఎవరో శ్రద్ధగా చూచిరనుటకు సాక్ష్యము.

సంక్రాంతి సెలవులలో పోవువారు తోటతోపాటు హౌరాలోనే యున్న సాంత్రాగాచి చెరువునుకూడ చూడవచ్చును. రైలుస్టేషను ప్రక్కనే, ఇండ్లనడుమ నున్న ఆ నీటిమీద చలికాలమున ఈలవేయు చిన్నబాతులు గుంపులు గుంపులుగా దిగును. పక్షులను చూచుటకు అరణ్యములకే పోనక్కరలేదనుటకు ఆ చెరువే నిదర్శనము.

కలకత్తాకును, తెలుగుదేశపు పిట్టలకును మరియొక పాత బంధము కలదు. చెన్నపట్టణపు సైన్యమున వైద్యుడుగా నుండి, నెల్లూరున పనిచేసిన థామస్ జెర్డన్ దక్షిణాపథపు పక్షులను సేకరించి, వాని తెలుగు పేర్లను ఓపికతో నమోదు చేసెను. పైన చెప్పిన కూకుడుగువ్వ, పసులపోలిగాడు, వంగపండు ఆయన గ్రంథములకెక్కిన పేర్లే. ఆయన కనుగొనిన ఒక పరుగెత్తుపిట్టను 1848లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాల నిర్వాహకుడు ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. రొమ్మున రెండు పట్టెలుండుటచే దానికి ‘రెండు కంటెలది’ అను అర్థముగల లాటినుపేరు పెట్టెను. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట ఆ పిట్ట యెవరికిని కనబడలేదు. సలీం అలీవంటి మహానిపుణుడు వెదకినను దొరకలేదు. అంతరించిన జాతులలో దానిని చేర్చిరి.

86 సంవత్సరములు శాస్త్రగ్రంథములలో లేని ఆ పిట్ట కడపజిల్లా ముండ్లపొదలలో మాత్రము ఉన్నది. అచటివారి నోటను ఉన్నది. కలివిపొదల మాటున తిరుగునది గనుక వారు దానిని కలివికోడి యనిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పరిశోధకులు పల్లెలు తిరిగి విచారింపగా, రేతిరి తిరుగు ఆ పిట్టను ఎరిగినవారు దొరకిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున ఒక వేటగాడు దానిని పట్టి చూపెను. సలీం అలీ జీవించియుండగనే ఈ శుభవార్త వెలువడినది. దానికొరకు లంకమల ప్రాంతమున అభయారణ్యము వెలసినది. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము కొంత మార్చవలసివచ్చినది. అయినను కలివికోడి స్థితి నేటికిని అతిప్రమాదకరముగనే యున్నది. ఆ పల్లెవాసుల నోట పేరును, గుర్తును నిలిచియుండనిచో, ఎచట వెదకవలెనో చెప్పువారే లేకపోయెడివారు.

ఉపాధ్యాయులు తలచుకొనవలసిన సంగతి ఇదియే. నేటి విద్యార్థి పెంగ్విను బొమ్మను గుర్తించును; పాఠశాల ప్రహరీమీద వ్రాలిన పిట్టను ‘ఏదో పిట్ట’ అనును. తాతకు తెలిసిన నలుబది పేర్లలో తండ్రికి పది, కుమారునకు మూడు మిగులుచున్నవి. పేరు మరచిన పిట్ట కనబడకపోయినను ఎవరికిని లోటు తోచదు.

దీనికి వ్యయములేని ఉపాయము కలదు. ప్రతి పాఠశాలలోను ఒక పుస్తకము నుంచి, పుటను మూడు గడులుగా విభజింపవలెను. మొదటిగడిలో విద్యార్థి కన్నులార చూచిన చెట్టు లేక పిట్ట గుర్తులు. రెండవగడిలో ఇంటిలోని అవ్వయో, తాతయో, పశువులకాపరియో చెప్పిన పేరు. మూడవగడిలో పుస్తకములు చూచి ఉపాధ్యాయుడు నిర్ణయించిన శాస్త్రనామము. తేదీయు, స్థలమును తప్పక వ్రాయవలెను. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చేసినది ఇదియే. ఉప్పెనలో పుస్తకము పోయినపుడు ఆయన మరల మొదటిపుటనుండి మొదలిడెను.

శిబ్పూరు పోగలిగినవారు మహావటము నీడను నిలిచి కంసాలిపిట్టకొరకు తలలెత్తి చూతురుగాక. పోలేనివారికి పొలిమేరలోని జమ్మిచెట్టు కలదు. వచ్చు విజయదశమికి ఆ చెట్టు కడకు పోవునపుడు దారిలోని తీగెలమీద ఒకింత నిదానించి చూడవలెను. మట్టిరంగు పిట్ట యొకటి కూర్చుండియుండవచ్చును. అది రెక్క విప్పువరకు వేచియుండుటకు వ్యవధి యున్నవానికే అది సెలవుదినము.